మామిడికాయల దొంగ మనలోనూ ఉన్నాడు



సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు ముందు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. నీళ్ల సాంబారు, తెల్లవారుజాము గంట, స్టడీ అవర్లో కునికిపాట్లు. అవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. అందుకని పోయిన వార్షికోత్సవం రోజున ఒక చిన్న తమ్ముడు నన్ను అడిగిన ప్రశ్న గురించి రాస్తున్నాను. ఆరో తరగతి పిల్లవాడు. నా పక్కన కూర్చుని లడ్డూ తింటూ అడిగాడు.

"అన్నా, నువ్వు ఏ హాస్టల్లో చదివావు?"

"ఇక్కడేరా."

వాడు గోడల వంక, పైన స్లాబు వంక చూశాడు. "ఇక్కడెట్టా చదివావన్నా? ఇది మొన్న కట్టిందే గదా!"

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. కానీ జవాబు తట్టలేదు. వాడు చెప్పింది అక్షరాలా నిజం. నేను 2013లో ఆరో తరగతిలో చేరినప్పుడు మన హాస్టల్ బజారు వీధిలో ఒక అద్దె ఇంట్లో ఉండేది. వర్షం వస్తే పెట్టెలు నెత్తిన పెట్టుకుని ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిగేవాళ్లం. ఆ ఇల్లు ఇప్పుడు ఎరువుల కొట్టు. అప్పటి వార్డెన్ గారు బదిలీ అయిపోయారు. వంట చేసిన అమ్మ రిటైరయింది. కామాటి మారాడు. గంట మారింది. పిల్లలందరూ మారిపోయారు. చివరికి బోర్డు కూడా కొత్తదే. మరి ఏం చూసుకుని "ఇదే నా హాస్టల్" అన్నాను?

నేను ఎం.ఏ. ఫిలాసఫీ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. "అది చదివితే ఏం ఉద్యోగం వచ్చుద్దిరా?" అని మా ఊళ్లో అందరూ అడుగుతారు. దానికి ఇంతవరకు నా దగ్గర గట్టి జవాబు లేదు. కానీ మన తమ్ముడి ప్రశ్న రెండు వేల ఏళ్ల నాటిదని మాత్రం ఆ చదువు వల్లే తెలిసింది.

గ్రీకు దేశంలో థీసియస్ అనే వీరుడి కథ ఉంది. ఆయన తిరిగి వచ్చిన ముప్పై తెడ్ల ఓడను ఏథెన్స్ ప్రజలు చాలా కాలం భద్రంగా కాపాడుకున్నారని ప్లూటార్క్ అనే రచయిత రాశాడు. ఒక చెక్క పుచ్చిపోతే దాన్ని తీసేసి కొత్త చెక్క వేసేవారు. అలా ఒక్కొక్కటీ మారుతూ వచ్చింది. అప్పుడు తత్వవేత్తలకు తగవు వచ్చింది. అది పాత ఓడేనని కొందరు, కాదని కొందరు. 1655లో హాబ్స్ అనే ఇంగ్లీషు తత్వవేత్త దీనికి ఇంకో మెలిక పెట్టాడు. తీసేసిన పాత చెక్కలన్నీ ఒకడు దాచి, వాటినే మళ్లీ అదే వరుసలో బిగించి ఇంకో ఓడ చేశాడనుకోండి. అప్పుడు రెండు ఓడల్లో అసలుది ఏది?

ఇది చదివినప్పుడు నాకు ఎరువుల కొట్టు గుర్తొచ్చింది. పాత గోడలు అక్కడున్నాయి. హాస్టల్ ఇక్కడుంది. ఆ కొట్టు ముందు నిలబడి "ఇదే మన హాస్టల్" అని ఎవరం అనం కదా!

మన దగ్గరే ఇంకో ఉదాహరణ ఉంది. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగింది. నీళ్లు నిలిస్తే నాగార్జునకొండ లోయలోని పాత బౌద్ధ విహారాలన్నీ మునిగిపోతాయని ముందే తెలుసు. అందుకే 1954 నుంచి 1960 దాకా అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విప్పి తెచ్చి, ఇప్పుడు ద్వీపంగా మారిన కొండ మీద కొన్నింటిని, ఒడ్డున అనుపు దగ్గర కొన్నింటిని తిరిగి కట్టారు. ఈసారి విహారయాత్రకు సాగర్ వెళితే చూడండి. థీసియస్ ఓడలో చెక్క మారింది, చోటు మారలేదు. నాగార్జునకొండలో రాయి మారలేదు, చోటు మారింది. మన హాస్టల్ సంగతి చూస్తే ఇటుకా మారింది, చోటూ మారింది, మనుషులూ మారారు. అయినా అదే హాస్టల్ అంటున్నాం. కాబట్టి ఒక వస్తువును అదే వస్తువుగా నిలిపేది దాని ఇటుకలూ చెక్కలూ కాదని తేలుతుంది. మరి ఏమిటది?

దీనికి రెండు సులువైన జవాబులు లోకంలో ఎప్పటినుంచో ఉన్నాయి. రెండింటినీ మనం మన జీవితంలో రోజూ వింటూనే ఉన్నాం.

మొదటి జవాబు: ఏదీ మారదు. గ్రీసులో పార్మెనిడీస్ ఇలా అన్నాడు. ఆయన శిష్యుడు జీనో కదలికే అసాధ్యమని నిరూపించబోయాడు. గుమ్మం దాకా వెళ్లాలంటే ముందు సగం దూరం వెళ్లాలి. మిగిలిన దాంట్లో మళ్లీ సగం వెళ్లాలి. ఆ మిగిలిన దాంట్లో మళ్లీ సగం. ఈ సగాలకు అంతు లేదు కనుక మనిషి గుమ్మం చేరలేడట! ఈ మాట విన్న ఒక తత్వవేత్త ఏమీ మాట్లాడకుండా లేచి అటూ ఇటూ నడిచి చూపించాడని కథ. అంతులేని సగాలన్నీ కలిపినా మొత్తం ఒకటే అవుతుందని తర్వాత గణితం లెక్క కట్టి చూపింది. మన ఊళ్లలోనూ జీనోలున్నారు. "ఎంత చదివితే మాత్రం, వాళ్లు వాళ్లే" అనేవాడు జీనో శిష్యుడే. మనం మెట్టు ఎక్కిన ప్రతిసారీ ఇంకా సగం మిగిలిందని చూపిస్తాడు. వాడితో వాదించి లాభం లేదు, లేచి నడవడమే జవాబు.

రెండో జవాబు: అంతా మారిపోతుంది, ఏదీ నిలవదు. ఒకే నదిలో రెండుసార్లు దిగలేమన్న మాట హెరాక్లిటస్ పేరు మీద ప్రసిద్ధం. వినడానికి ఇది మనకు అనుకూలంగా కనబడుతుంది. కానీ దీన్ని వాడుకునేవాళ్లు వేరే ఉన్నారు. "ఇప్పుడు అంతా మారిపోయింది. కులం ఎక్కడుందండీ? ఎప్పుడో తాతల కాలంలో ఏదో జరిగితే ఇప్పటివాళ్లకేం సంబంధం?" అని అడుగుతారు. యూనివర్సిటీలో నా పక్కన కూర్చునే మిత్రుడు కూడా అడిగాడు. వాడు చెడ్డవాడు కాదు. నిజంగానే తెలియక అడిగాడు.

వాడికి నేను చెప్పిన జవాబు నాది కాదు, నాగసేనుడిది.

క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో మన వాయవ్య ప్రాంతాన్ని మినాండర్ అనే గ్రీకు రాజు ఏలాడు. మనవాళ్లు ఆయన్ని మిళిందుడన్నారు. ఆయన అడిగిన ప్రశ్నలు, నాగసేనుడనే బౌద్ధ భిక్షువు చెప్పిన జవాబులు కలిపి "మిళింద పన్హ" అనే పాళీ గ్రంథంగా ఉన్నాయి. డాక్టర్ అంబేడ్కర్ స్థాపించిన విద్యాసంస్థ 1950లో అప్పటి ఔరంగాబాద్‌లో మొదలుపెట్టిన కళాశాలకు ఈ మిళిందుని పేరే ఉంది. ఆ ప్రాంగణం పేరు నాగసేనవనం.

పసివాడుగా ఉన్నప్పటి మనిషి, పెద్దవాడైన మనిషి ఒకరేనా, వేరా అని రాజు అడుగుతాడు. అదే మనిషీ కాదు, వేరే మనిషీ కాదు అంటాడు నాగసేనుడు. రాత్రంతా వెలిగే దీపాన్ని ఉదాహరణగా చూపిస్తాడు. తొలిజాములో వెలిగిన మంట, చివరి జాములో వెలిగిన మంట ఒకటే కాదు. అలాగని రెండు దీపాలూ కావు. ఒక మంటను ఆధారం చేసుకుని ఇంకో మంట పుడుతూ ఉంటుంది. పాలు పెరుగవుతాయి, పెరుగు వెన్నవుతుంది, వెన్న నెయ్యవుతుంది. నెయ్యిని పాలు అనలేం. కానీ పాలు లేకుండా నెయ్యి వచ్చిందనీ అనలేం. నిలిచేది వస్తువు కాదు, ఒకదాని నుంచి ఒకటి వచ్చిన వరుస.

ఇంకో చోట మామిడికాయల దొంగ కథ చెబుతాడు. ఒకడు ఇంకొకడి తోటలో కాయలు దొంగిలించాడు. రాజు ముందుకు తెస్తే దొంగ ఏమంటాడో చూడండి. "నేను ఈయన కాయలు తీసుకోలేదు. ఈయన నాటిన టెంక వేరు, నేను కోసిన కాయ వేరు. కాబట్టి నాకు శిక్ష లేదు." వాడి మాటలో తప్పు దొరకడం కష్టమే. నిజంగానే టెంక వేరు, కాయ వేరు. అయినా వాడు దొంగే అని రాజు ఒప్పుకుంటాడు. ఎందుకంటే నాటిన టెంక వల్లే ఈ కాయ వచ్చింది.

"తాతల కాలంలో జరిగినదానికి మాకేం సంబంధం" అన్న మాట ఈ దొంగ మాటే. తాతలు వేరు, మనవలు వేరు, నిజమే. తాత చేసిన పనికి మనవడిని తిట్టమని నేను అనడం లేదు. కానీ ఆనాడు ఒక తాతకు పొలం దక్కింది, ఇంకో తాతకు ఆ పొలంలో పాలేరుతనం దక్కింది. ఒకరి ఇంట్లో నాలుగు తరాల నుంచి పుస్తకాలున్నాయి. మా ఇంట్లో మొదటి పుస్తకం నాకు బడిలో ఉచితంగా ఇచ్చిన వాచకం. టెంక ఎవరు నాటారో మరిచిపోయి కాయ మాత్రం నాదనడం న్యాయం కాదు. ఇంతవరకు చెప్పేసరికి మా మిత్రుడు ఆలోచనలో పడ్డాడు. నేను గెలిచినట్టు సంబరపడ్డాను.

ఆ రాత్రి మెస్‌లో అన్నం తింటుంటే నా సంబరం కాస్తా దిగిపోయింది. అది మీతో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నా స్టీలు ప్లేటు వెనక 37 అని మేకుతో గీసి ఉంటుంది. హాస్టల్లో నా నంబరు. ఆరో తరగతిలో చేరేటప్పుడు మా అమ్మ మిరపకోతల డబ్బుతో కొనిచ్చిన ప్లేటు అది. ఎం.ఏ.లో చేరిన కొత్తలో ఇదే మిత్రుడు దాన్ని చూసి "ఈ నంబరేంటి?" అని అడిగాడు. "పాతసామాన్ల కొట్లో కొన్నాను" అన్నాను. క్లాసులో పరిచయాలప్పుడు కూడా మన టౌను పేరు చెప్పి, రూము తీసుకుని చదువుకున్నానన్నాను. హాస్టల్ అన్న మాట నోట రాలేదు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అనకముందే నేను దాక్కున్నాను.

అంతకుముందు ఒకసారి సెలవుల్లో ఊరికి వెళితే, కూలి డబ్బుల కోసం నాన్నతో కలిసి ఒకాయన ఇంటికి వెళ్లాను. నాన్న ఎప్పటిలాగే వాకిలి బయట నిలబడ్డాడు. నేను లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. ఆయన ఏమీ అనలేదు కానీ మా అమ్మ ఇంటికొచ్చాక భయపడింది. "సదువుకుని మారిపోయావురా అయ్యా" అంది. ఆ మాటకు చాలా రోజులు బాధపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే అమ్మ బాధపడాల్సింది ఆ మార్పుకు కాదు. కుర్చీలో కూర్చున్నవాడు ఆమె కొడుకే. ప్లేటు పాతసామాన్ల కొట్లో కొన్నానని చెప్పినవాడే మామిడికాయల దొంగ.

ఎందుకు దొంగ అంటున్నానంటే, నా కాయకు టెంక నాటినవాళ్లున్నారు. తొమ్మిదో తరగతి క్వార్టర్లీలో నాకు లెక్కల్లో వందకు పన్నెండు వచ్చాయి. అప్పట్లో ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి ఒకాయన ఆదివారాలు సైకిల్ మీద వచ్చి వరండాలో మాకు లెక్కలు చెప్పేవారు. ఎవరూ జీతం ఇవ్వలేదు. అద్దె ఇంటి గోడ మీదే బొగ్గుతో బీజగణితం నేర్పారు. నేను పదో తరగతి లెక్కల్లో పాసయ్యానని ఆయనకు చెప్పనైనా లేదు. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లవాడు వేరు, ఎం.ఏ. చదివే నేను వేరు అనుకుంటే ఆయన బాకీ నాకు లేదు. జీనో, హెరాక్లిటస్ ఇద్దరూ నన్ను వదిలేస్తారు. నాగసేనుడు మాత్రం వదలడు.

మారడం తప్పు కాదు తమ్ముళ్లారా. మారాలనే ఇక్కడికి పంపారు. భాష మారనీయండి, బట్ట మారనీయండి, కూర్చునే చోటు తప్పకుండా మారనీయండి. ఏవి మార్చాలో, ఏది నిలపాలో తెలుసుకోవడమే కష్టం.

ఈ విషయంలో మన రాజ్యాంగాన్ని చూడండి. అది అమల్లోకి వచ్చిన మరుసటి ఏడే, 1951లో, మొదటి సవరణ జరిగింది. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఆ రాష్ట్రంలో కాలేజీ సీట్ల కేటాయింపు చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దాంతో 15వ అధికరణంలో నాలుగో క్లాజు కొత్తగా చేర్చారు. వెనుకబడిన తరగతులకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని చెప్పేది అదే. అంటే మన చదువులకు ఆధారమైన ఒక చెక్క ఓడ బయలుదేరిన తర్వాత బిగించింది! 2023 నాటికి రాజ్యాంగానికి 106 సవరణలు జరిగాయి. మరి ఇన్ని చెక్కలు మారాక అది అదే రాజ్యాంగమా? 1973లో కేశవానంద భారతి కేసులో పదమూడు మంది న్యాయమూర్తులు కూర్చుని, ఏడుగురి మెజారిటీతో దీనికి జవాబు చెప్పారు. పార్లమెంటు ఏ భాగాన్నైనా సవరించవచ్చు గాని, మౌలిక స్వరూపాన్ని మాత్రం చెరపకూడదన్నారు. థీసియస్ ఓడ గురించి తత్వవేత్తలు తేల్చలేనిది మన దేశంలో ఒక కోర్టు తేల్చవలసి వచ్చింది.

రాజ్యాంగం అమల్లోకి రాకముందే, 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేడ్కర్ ఒక హెచ్చరిక చేశారు. రాజకీయాల్లో సమానత్వం, సమాజంలోనూ ఆర్థికంలోనూ అసమానత్వం ఉండే వైరుధ్యాల జీవితంలోకి మనం అడుగుపెడుతున్నామన్నారు. దీన్ని ఆయన పుస్తకంలో పొడుపుకథలాగా చూడలేదు, వీలైనంత త్వరగా తొలగించకపోతే ప్రమాదమన్నారు. అన్ని వైరుధ్యాలూ కూర్చుని ఆలోచిస్తే పోవు. కొన్నింటిని పనిచేసి తొలగించాలి.

ఇక చివరిగా ఇంకో చిక్కు చెప్పి ముగిస్తాను. యూబులిడీస్ అనే గ్రీకు తత్వవేత్త పేరు మీద ఉన్న చిక్కు ఇది. ఒక గింజ కుప్ప కాదు. దానికి ఇంకో గింజ కలిపినా కుప్ప కాదు. ఒక్క గింజ చేర్చినంత మాత్రాన కుప్ప కానిది కుప్ప కాదు కదా. అలాగైతే కుప్ప ఎప్పటికీ ఏర్పడదు! మా అమ్మకు ఇది చెబితే "కళ్లంలోకి వచ్చి చూడమను" అంది. మా అమ్మ చదువుకోలేదు. కానీ కుప్ప ఎలా అవుతుందో ఆమెకు తెలుసు.

"నేనొక్కణ్ణి వచ్చి ఒక ఆదివారం చెబితే ఏం మారుతుంది?" అనే మాట యూబులిడీస్ చిక్కే. నేను కూడా ఐదేళ్లు ఆ మాట అనుకునే ఇటు రాలేదు. ఆ సైకిల్ అన్న అలా అనుకుని ఉంటే నాకు వచ్చిన పన్నెండు మార్కులు పన్నెండుగానే ఉండేవి.

అందుకే పూర్వ విద్యార్థులను ఒక్కటి కోరుతున్నాను. ఈ సంవత్సరం హాస్టల్లో ఒక రిజిస్టరు పెడదాం. ఇక్కడ చదివిన ప్రతి ఒక్కరూ పేరు, ఏ సంవత్సరం, ఇప్పుడు ఏం చేస్తున్నారో రాయాలి. ఆటో నడిపే అన్న కూడా రాయాలి, ఆఫీసరైన అన్న కూడా రాయాలి. సంవత్సరానికి ఎన్ని ఆదివారాలు వచ్చి పదో తరగతి పిల్లలకు ఏం చెప్పగలరో పక్కన రాయాలి. చెప్పలేని వాళ్లు వచ్చి పిల్లలతో కలిసి ఒక పూట భోజనం చేసినా చాలు. సాంబారు ఎలా ఉందో మనకూ తెలుస్తుంది! నా పేరు పక్కన నెలకు ఒక ఆదివారం, ఇంగ్లీషు అని రాస్తాను.

లడ్డూ తింటూ ప్రశ్న అడిగిన తమ్ముడికి ఇప్పుడు జవాబు చెప్పగలను. ఒరేయ్ తమ్ముడూ, నేను ఈ గోడల మధ్య చదవలేదు, నిజమే. ఆ ఎరువుల కొట్టులో ఒకాయన నాకు లెక్కలు చెప్పారు. వచ్చే ఆదివారం ఈ గోడల మధ్య నేను నీకు ఇంగ్లీషు చెబుతాను. రేపు ఈ బిల్డింగు కూడా పాతబడి, ఇంకెక్కడికో మారిన తర్వాత నువ్వెళ్లి ఇంకొకడికి చెబుతావు. అందుకే ఇది అదే హాస్టల్.

అన్నట్టు, ప్లేటు సంగతి మా మిత్రుడికి చెప్పేశాను. వాడు ప్లేటు తిప్పి నంబరు చూసి, "మరి 36 ఎవరు, 38 ఎవరు?" అని అడిగాడు. 36 బెంగళూరులో ఎలక్ట్రీషియన్. 38 ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఈ సంచిక చూస్తే వాణ్ణి వచ్చి రిజిస్టరులో పేరు రాయమని కోరుతున్నాను.

— పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (తత్వశాస్త్రం) ద్వితీయ సంవత్సరం